ఒక్క పూట భయం

ఆ రోజు పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. చినుకు రాలదు, ఎండ రాదు. ఇలాంటి రోజున బొగ్గులు ఒక పట్టాన రాజుకోవు. ఇస్త్రీ పెట్టెలోకి ఊది ఊది ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. దారినపోయే వాళ్లు కొడుకు కోసం ఏడుస్తోందనుకుని తల తిప్పుకుని పోయారు. ఆమె ఏడుపు మానేసి చాలా రోజులైంది. ఏడ్చినంతకాలం అందరూ జాలిపడ్డారు, ఎవరూ తాళం తియ్యలేదు.

కిందటి వారం మనం ఆమెను బాల నేరస్తుల హోమ్ గేటు దగ్గర వదిలి వచ్చాం. హోమ్ అంటే ఇల్లని అర్థమట. తాళం బయటి నుంచి వేసే ఇల్లు. ఆ ఇంట్లో పదిహేనేళ్ల కొడుకున్నాడు. వీధంతా వాణ్ని ఈలగాడు అనేది. నోట్లో ముద్ద ఉంటే తప్ప ఈల ఆపేవాడు కాదు. సెల్ షాపు తాళం పగలగొట్టాడని కేసు. ములాఖత్ గదిలో గాజు పలక అవతల కొడుకు ఎప్పటిలాగే తల ఎత్తలేదు, తల్లితో ఒక్క మాట ఆడలేదు. బయటికి వచ్చాక సూపరింటెండెంటు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. సోమవారం వాయిదాలో పిల్లాడు నేరం ఒప్పుకుంటే వీధి సంఘం పూచీ మీద ఇంటికి పంపుతారు. ఒప్పుకోకపోతే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద హోమ్‌కి పంపుతారు, మీసాలొచ్చిన వాళ్ల మధ్యకి. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అక్కడే.

ఇవాళ ఆదివారం. వాయిదా రేపు.

బండి మీద బట్టల మూట విప్పుతుండగా బక్క కానిస్టేబులు బైకు ఆపాడు. మాటల పుట్ట. స్టేషన్ బట్టలన్నీ ఆమె దగ్గరికే తెస్తాడు.

"అక్కా, సారు చొక్కా. రేపు కోర్టుంది. కాలరు మీద ఈగ వాలితే జారిపడాలన్నారు."

"నా కొడుకు వాయిదాకేగా?"

"అదే అనుకో." నెత్తి గోక్కున్నాడు. "ఏం చేస్తాం అక్కా. నాకు నువ్వూ కావాలి, నౌకరీ కావాలి."

ఆమె ఎవరిదో దిండు గలీబు పరిచి నీళ్లు చిలకరించింది. "రాత్రిపూట షాపు వెనక పరిగెత్తించి పట్టుకున్నాడుగా మీ సారు. ఆ పొట్టేసుకుని ఎట్టా పరిగెత్తాడో నాకిప్పటికీ అర్థం కాదు."

కానిస్టేబులు ఫక్కున నవ్వాడు. నవ్వులోనే నోరు జారింది.

"పరుగెక్కడిదక్కా! సారు అన్నం ముందు కూచుని ఉన్నారు. లారీ అన్నే పిల్లాడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. 'మాట వినట్లేదు సార్, ఒక్క పూట కూచోబెట్టి భయపెట్టండి, సాయంత్రం వదిలెయ్యండి' అన్నాడు. మేమంతా నవ్వుకున్నాం. మా నాన్నా నన్ను అట్టానే తీసుకెళ్లాడు చిన్నప్పుడు. భయపడి భయపడి చివరికి అక్కడే ఉద్యోగంలో చేరా."

ఆమె నవ్వలేదు. వాడికి ఇంకా అర్థం కాలేదు.

"పాపం వాడు మెట్ల మీద మొరాయించాడు. 'మీ అమ్మే కూచోబెట్టమందిరా' అని లారీ అన్న చెప్పాకే లోపలికొచ్చాడు. అమ్మ మాటంటే అంత..." అప్పుడు చూశాడు ఆమె మొహం. "నువ్వే కదక్కా పంపింది?"

మాడు వాసన వచ్చింది. పెట్టె గలీబు మీదే ఉంది. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ మాడ్చిన మనిషి కాదు. పెట్టె పక్కకు తీసి, గోధుమ రంగు మచ్చ వంక చూసి, మెల్లగా అడిగింది.

"అన్నం వేళ అన్నావు. పగలేనా?"

"పగలే. అక్కా, నేను చెప్పానని మాత్రం..."

"తర్వాత ఎక్కడికి పోయాడు?"

"ఎక్కడికి పోతాడు? బల్ల మీద కూచున్నాడు. దీపాలు పెట్టాక నా డ్యూటీ దిగి వెళ్లేటప్పుడు నేనే టీ ఇచ్చా. ఈల వెయ్యరా అంటే వెయ్యలేదు." బైకు స్టాండు తీశాడు. "చొక్కా సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా. అక్కా, పెళ్లాం బిడ్డలున్నవాణ్ని."

"నాకూ ఉన్నాడు బిడ్డ," అందామె.

వాడు వెళ్లిపోయాక ఆమె అక్కడే నిలబడింది. లారీ అన్న అంటే పరాయివాడు కాదు. తోడబుట్టిన అన్నయ్య. ఈలగాడికి మేనమామ. మొగుడు చెప్పా పెట్టకుండా పోయిన నాడు ఈ ఇంటికి వాసమై నిలబడ్డవాడు. పిల్లాడు లోపలికి పోయిన దగ్గర్నుంచీ కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నవాడు. వీధి సంఘానికి పెద్ద అతనే.

కోర్టులో మొదటి రోజు గుర్తొచ్చింది. "షాపు తాళం పగిలే వేళకి నేను స్టేషన్‌లోనే ఉన్నానండీ" అన్నాడు పిల్లాడు. ఎస్సై పెదవి విరిచాడు. "నిన్ను ఎవరు తెచ్చారు మరి?" అని అడిగింది జడ్జమ్మ. పిల్లాడు వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. పక్కనే అన్నయ్య. ఆ చూపు ఎవరి మీదో ఆమెకు అప్పుడు తెలియలేదు. వాడు తల దించుకుని "ఎవరూ తేలేదండీ" అన్నాడు. అబద్ధం దొరికిపోయిందనుకున్నారంతా. ఆమె కూడా అనుకుంది. నిజం చెప్పి ఏడవరాదా అని మనసులో తిట్టుకుంది కూడా.

తల్లే తనను పట్టించిందనుకున్నాడు వాడు. అనుకుని కూడా తల్లి పేరు చెప్పలేదు.

ఆమె ఎస్సై చొక్కా తీసింది. బండి మీద పరిచింది. ఎర్రగా కాలిన పెట్టె చేతిలో ఉంది. వీపు మీద ఒక్క క్షణం ఆపితే చాలు, రేపు ఆ చొక్కా కోర్టుకు రాదు. చెయ్యి ఆగలేదు. కాలరు, భుజాలు, చేతులు, జేబు మూతలు. కత్తి మడత పెట్టి మరీ తీసింది. రేపు వాడు ఈ చొక్కా వేసుకునే అబద్ధమాడాలి. ముడత ఉందన్న వంక కూడా వాడికి మిగలకూడదు.

ఆ తర్వాత బొగ్గుల మీద నీళ్లు పోసి, బండి మీద గోనె కప్పి, టైర్ల షాపు వెనక షెడ్డుకు నడిచింది.

*

ఆ షెడ్డు సంగతి పాత పాఠకులకు తెలిసిందే, కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ వీధి నుంచి హోమ్‌కి వెళ్లిన పిల్లలు వెళ్లినట్టు తిరిగిరాలేదు. ఒకడు వచ్చి తలుపు వేస్తే వణుకుతాడు. ఇంకొకడు లోపల నేర్చుకున్న విద్యతో ఈసారి పెద్ద జైలుకే పోయాడు. అప్పుడు పట్టుబట్టి పెట్టుకున్నారు సంఘాన్ని. పిల్లాడు తప్పు చేస్తే స్టేషన్ దాకా పోనివ్వకుండా, నష్టపోయినవాణ్ని, పిల్లాణ్ని, రెండిళ్ల వాళ్లనీ పాత టైర్ల మీద గుండ్రంగా కూర్చోబెట్టి తేల్చుకుంటారు. అందరూ ఒక్కసారి అరవకుండా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. టైర్ల షాపులో నట్లు విప్పే పెద్ద పానా చేతులు మారుతూ ఉంటుంది. పానా ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది. మిగతావాళ్లు నోరు విప్పకూడదు. పానా పట్టుకుని అబద్ధమాడకూడదు. పానా షెడ్డు దాటకూడదు. ఇప్పటిదాకా దాటలేదు.

ఆమె వెళ్లేసరికి పానా అన్నయ్య చేతిలో ఉంది.

"వాడు మొండోడు," అంటున్నాడు. "మా రక్తమే అంత. రేపు పొద్దున్నే గేటు దగ్గర నేనే చెప్తా, ఒప్పుకోరా నాయనా, ఒక్క మాట అంటే ఇంటికొస్తావు అని. మేనమామ మాట కాదనడు."

"ఒప్పుకుంటే చాలు," అన్నట్టు రిటైరైన టీచరమ్మ తల ఊపింది. సెల్ షాపు యజమాని బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద మనసుతో క్షమించానని ఇప్పటికే రెండుసార్లు చెప్పాడు.

"అన్నయ్యా," అందామె నిలబడే. "పానా ఇటివ్వు."

"రా అమ్మా, కూచో. నీ గురించే..."

"ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుంది. చల్లగా, బరువుగా ఉంది. ఇస్త్రీ పెట్టెకు అలవాటుపడిన చేతికి ఆ చల్లదనం కొత్త.

"ఒక్కటే అడుగుతా. అడిగి మళ్లీ నీ చేతికే ఇస్తా. పానా పట్టుకుని చెప్పు. ఆ రోజు అన్నాల వేళ నా కొడుకు చెయ్యి పట్టుకుని స్టేషన్ మెట్లెక్కింది ఎవరు?"

పానా తీసుకెళ్లి అతని ఒళ్లో పెట్టింది.

అన్నయ్య దాన్ని కాలిన పెట్టెలా చూశాడు. రాత్రీ పగలూ స్టీరింగు తిప్పిన చేతులు. పానా ఎత్తలేకపోయాయి. సెల్ షాపు యజమాని "అన్నాల వేళా? నా షాపులో దొంగతనం..." అని మొదలెట్టాడు. టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆగండి. పానా ఆయన దగ్గరుంది."

షెడ్డు రేకుల మీద కాకి నడిచిన చప్పుడు వినిపించింది.

"నేనే," అన్నాడు చివరికి. "సినిమా హాలు పక్కన సిగరెట్టు కాలుస్తూ కనబడ్డాడు. చెంప మీద ఒకటిచ్చా. 'నువ్వెవరు నన్ను కొట్టడానికి, మా నాన్నవా' అన్నాడు. నలుగుర్లో అన్నాడు. లోడుకి టైమైపోతోంది. ఎస్సై తెలిసినవాడు. ఒక్క పూట కూచోబెడితే దారికొస్తాడనుకున్నా. అంతేనమ్మా, ఒక్క పూట. మనం అట్టా పెరగలేదా? నాన్న నన్ను బావిలోకి దింపలేదా? దొంగతనం చేస్తే తాడు వదిలేస్తానని..."

"నాన్న తాడు వదల్లేదు!" ఆమె అరిచింది. పానా తన చేతిలో లేదు. కట్టుబాటు తెగింది. ఎవరూ ఆపలేదు. "చేతులు కోసుకుపోయినా పట్టుకుని నిలబడ్డాడు నాన్న. నువ్వు తాడు పరాయి వాళ్ల చేతికిచ్చి లోడుకెళ్లావు!"

అతను కొట్టినట్టు వెనక్కి జరిగాడు.

"పైగా నా పేరు చెప్పావు. 'మీ అమ్మే కూచోబెట్టమంది' అని. ఇన్ని నెలలు గాజు పలక ముందు కూచుని వాడి నెత్తి చూసి వస్తున్నా. నెత్తి మీద సుడి ఎటు తిరిగిందో నాకు కంఠతా వచ్చింది. మొహం మర్చిపోయేలా ఉన్నా. పక్కనే కూచున్నావు కదా అన్నయ్యా, ప్రతి వారం. 'పలకరా, అమ్మరా' అని వాణ్నే కసిరావు కదా. నీ నోరెట్టా వచ్చింది?"

అతను పానా వైపే చూస్తున్నాడు. కళ్లెత్తలేదు. కొడుకూ అంతే, మేనమామ పోలిక.

సెల్ షాపు యజమాని ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు. "చీకటి పడ్డాక షట్టరు నా చేత్తో దించాను. పొద్దున చూస్తే తాళం లేదు. పగలంతా వాడు స్టేషన్‌లో ఉంటే రాత్రికి నా షాపుకెట్టా వస్తాడు? మరి నేను క్షమించింది ఎవర్ని?"

"స్టేషన్‌కి ఒక దొంగ కావలసి వచ్చింది, సాయంత్రమైనా వాణ్ని వదల్లేదు," అందామె. "వెతికే పని లేకుండా బల్ల మీద తయారుగా కూచుని ఉన్నాడు. మేమే తెచ్చి కూచోబెట్టాం."

టీచరమ్మ మొహం పాలిపోయింది. "హోమ్‌లో చూడబోయినప్పుడు వాడు నాతో చెప్పాడు," అంది. "'నేను చెయ్యలేదు టీచర్' అన్నాడు. అందరూ అట్టానే అంటారు నాన్నా, ఒప్పుకుంటే బయటపడతావు అన్నాను. నాలుగైదుసార్లు అన్నాను. పోయినసారి చెవులు మూసుకున్నాడు."

"మీరు మంచివాళ్లు టీచరమ్మా. మీ మంచికి పిల్లాడు ముందు దొంగ కావాలి. అప్పుడే మీరు కాపాడగలరు." ఆమె గొంతు తగ్గింది, కోపం తగ్గలేదు. "మీరొక్కరే కాదు. మంచివాళ్లందరం కలిసి చేశాం. నేనూ మొన్న గాజు పలక మీద కొట్టి ఒప్పుకోరా అన్నా. కన్నతల్లిని."

టీచరమ్మే లేచి అన్నయ్య ముందు నిలబడింది.

"రేపు జడ్జమ్మ ముందు ఈ మాటే చెప్తావా? మేమెవరం చెప్పినా గాలి మాట. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినవాడివి నువ్వు. నువ్వు చెప్తేనే నిలబడుతుంది."

"లోడు దించి వచ్చాక వెళ్లి అడిగా," అన్నాడు అన్నయ్య. అడిగినదానికి జవాబు కాదది. "కాళ్లు పట్టుకున్నంత పని చేశా. ఎస్సై నవ్వాడు. 'నువ్వు తెచ్చావని ఎవరన్నారు? నోరెత్తావంటే నీ లారీ తాళాలు ఈ బల్ల మీద ఉంటాయి, నువ్వా గదిలో ఉంటావు' అన్నాడు. అందుకే ఈ సంఘమంటూ పట్టుకుని తిరిగా. ఇంకో దారిన వాణ్ని బయటికి తేవచ్చని. నేను లోపలికి పోతే అమ్మ గతేంటి? నీ గతేంటి?"

"నువ్వు లోపలికి పోతే," అందామె, "వారం వారం నేనొచ్చి చూస్తా. దారి నాకు అలవాటేగా."

అతను లేచాడు. గుండ్రం దాటి, టైర్లు దాటి, తల వంచి బయటికి నడిచాడు. మలుపు తిరిగేదాకా ఎవరూ గమనించలేదు. పానా అతని చేతిలోనే ఉంది.

*

సాయంత్రం ఇంట్లో దండెం మీద రెండు చొక్కాలు వేలాడుతున్నాయి. ఒకటి ఎస్సైది. రెండోది అన్నయ్య తెల్ల చొక్కా, పెళ్లిళ్లకు మాత్రమే వేసేది. వచ్చీ రాగానే పెట్టె మళ్లీ రాజేసి దాన్ని కూడా ఇస్త్రీ చేసింది. రెండు కాలర్లూ ఒకే తీరున నిలబడ్డాయి. రేపు పొద్దున ఒక్కో చొక్కాలో ఒక్కో మాట దూరి కోర్టుకు వెళ్లాలి. ఒకదాని మాట ఏమిటో తెలుసు. రెండోదాని సంగతే తెలియదు.

వాళ్ల తల్లి ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కూతురి వంక చూస్తోంది. వీధి మాట ఈపాటికి ఆమె చెవిన పడే ఉంటుంది. "వాడొస్తే కొట్టు," అంది. "చీపురు తిరగేసి కొట్టు. నేను చెప్పానని కొట్టు. కానీ కోపం అన్నం మీద చూపించకు."

గుమ్మం దగ్గర నీడ పడింది. అన్నయ్య లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు. రోజూ "ఏమండోయ్, ఏం వండారు" అంటూ దూసుకొచ్చే మనిషి. ఇవాళ గడప తొక్కడానికి ఎవరి అనుమతో కావాలన్నట్టు నిలబడ్డాడు.

ఆమె గంటె కింద పెట్టింది. అతని మొహం చూడకుండానే అంది.

"చెయ్యి కడుక్కో."

మూడు కంచాలు పెట్టింది. ఆగి, గోడ వార నాలుగోది కూడా పెట్టింది. ఈలగాడు లోపలికి పోయాక ఆ కంచం కిందికి దిగడం ఇదే మొదలు. అన్నయ్య దాని వైపు చూడకుండా కూర్చున్నాడు. చేతిలోని పానాను తన కంచం పక్కన నేల మీద పెట్టాడు. ఇనుము గచ్చుకు తగిలి టంగుమంది.

ఆమె వడ్డించింది. అన్నయ్యకు అందరికంటే ముందు, ఎప్పటిలాగే ఎక్కువగా. అతను కలిపాడు. ముద్ద ఎత్తాడు. మింగలేక మింగాడు. ముసలమ్మ నీళ్ల చెంబు అతని వైపు జరిపింది.

బయట బైకు ఆగింది. కానిస్టేబులు చొక్కా కోసమే వచ్చి ఉంటాడు. అయితే బైకు వెనకే ఇంకో బండి కూడా ఆగింది, బరువైనది, స్టేషన్ జీపు. షెడ్డులో మాట అక్కడికీ చేరినట్టుంది. జీపు దీపాల వెలుగు కిటికీలోంచి దూరి దండెం మీది రెండు చొక్కాలనూ దాటుకుని అన్నయ్య కంచంలో పడింది. హారన్ మోగింది. బండి తలుపు తెరుచుకుంది. రోడ్డు మీద బూట్లు దిగాయి.

అన్నయ్య చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. కళ్లు ఎత్తి, ఆ రోజు మొదటిసారి, చెల్లెలి మొహం చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి జాపి, షెడ్డులో మాట చెప్పబోయేవాడిలా, పానా మీద వేశాడు.

హారన్ మళ్లీ మోగింది.

ఆమె లేవలేదు. గంటె అందుకుని అన్నయ్య కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. అతను కలుపుకున్నాడు. బూట్ల చప్పుడు గుమ్మం వైపు వస్తుంటే ముగ్గురూ తల వంచుకుని తింటూనే ఉన్నారు.